పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ లేపుడు: దీని వెనక 70 ఏండ్ల కథ

ఈ పోస్టు జర పొడుగుంది. సెలవు రోజు తీరికగా చదవండి.

మన క్యాంపు రూముల్లో లాప్‌టాప్‌లు ఎక్కువైనయ్. కొత్తవి తక్కువ. ఆఫీసులు తీసేసినవి, ఎవరో ఇంటికి పోతూ అమ్ముకున్నవి, సెకండ్ హ్యాండ్ షాపుల్లో కొన్నవి. ఊర్లో పిల్లల చదువుకు పంపుదామని కొన్నవి కూడా ఉన్నయ్. వీటిలో చాలావాటికి 2025 అక్టోబర్ 14 నుంచి ఒక చిక్కు వచ్చి పడింది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే పాత మెషిన్లను అది ఒప్పుకోదు. షాపుకు తీసుకపోతే "ఇది పనికిరాదు, కొత్తది తీసుకో" అంటరు. లేదంటే "ఫార్మాట్ కొట్టాలె" అని పైసలు అడుగుతరు.

ఫార్మాట్ కొట్టడానికి షాపతను చేసే పని ఏంది? డ్రాయర్‌లోంచి ఒక పెన్‌డ్రైవ్ తీస్తడు, లాప్‌టాప్‌కు పెడతడు, ఆన్ చేస్తూ ఒక బటన్ నొక్కుతడు. ఆ పెన్‌డ్రైవ్‌నే బూటబుల్ పెన్‌డ్రైవ్ అంటరు. అది తయారు చేసే పద్ధతి యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలంటే అన్ని దొరుకుతయ్. కానీ అది ఎందుకట్ల పనిచేస్తదో, మామూలుగా ఫైలు కాపీ చేసి పెడితే ఎందుకు పనిచేయదో చెప్పేటోళ్లు తక్కువ. అది తెలియాలంటే కథ మొదటినుంచి తెలియాలె. ఇందులో మేము చెప్పదల్చుకున్నది ఒక్కటే. మెషిన్‌తో మొదటి అడుగు ఎవరు వేయిస్తరో, ఆ మెషిన్ వాళ్ల మాటే వింటది. ఆ మొదటి అడుగు ఇన్నేండ్లలో ఎన్ని చేతులు మారిందో చూడండి.

టవర్ క్రేన్ లెక్క

సైటు మీద పనిచేసేటోళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమైతది. ముప్పై అంతస్తుల పైకి సామాను ఎక్కించే టవర్ క్రేన్‌ను రోజూ చూస్తనే ఉంటం గదా. మరి ఆ క్రేన్‌ను ఎవరు నిలబెట్టారు? ముందు ఒక మొబైల్ క్రేన్ వస్తది. కింది మాస్టు ముక్కలు, జిబ్బు, కౌంటర్ వెయిట్లు అదే ఎత్తి పెడతది. దాని పని అయిపోయి అది వెళ్లిపోయినంక, టవర్ క్రేన్ తన మాస్టు ముక్కలు తానే ఎత్తుకుని పైకి పెరుగుతది.

కంప్యూటర్‌కు కూడా ఇదే ఇబ్బంది. కరెంటు పోతే ర్యామ్ మొత్తం ఖాళీ అయితది. మళ్లీ ఆన్ చేస్తే ప్రాసెసర్‌కు ఏమీ గుర్తుండదు. డిస్కులో విండోస్ ఉన్నది నిజమే. కానీ డిస్కును చదవాలంటే చదివే ప్రోగ్రాం ఒకటి ముందే మెమరీలో ఉండాలె. ఆ ప్రోగ్రాం కూడా డిస్కులోనే ఉంటే దాన్ని చదివేదెవరు? తాళంచెవి ఇంట్ల పెట్టి బయట తాళం వేసుకున్నట్టు ఉంటది.

ఇంగ్లీషోళ్లు దీనికి బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టారు. బూటుకు ఉండే పట్టీ పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అని దాని అర్థం. జరగని పనికి వాడే మాట అది. వాడగా వాడగా పొట్టిగా బూట్ అయింది. కాబట్టి బూటబుల్ పెన్‌డ్రైవ్ అంటే మన మొబైల్ క్రేన్ అనుకోండి. పెద్దదాన్ని నిలబెట్టే చిన్నది.

చేత్తో స్విచ్చులు వేసిన కాలం

1952లో ఐబీఎం కంపెనీ 701 అనే కంప్యూటర్ తెచ్చింది. గది నిండా ఉండే మెషిన్ అది. దానికి లోడ్ అనే బటన్ ఒకటి ఉండేది. ఆ బటన్ నొక్కితే పంచ్ కార్డు నుంచో, టేపు నుంచో, డ్రమ్ము నుంచో మొదటి ఆదేశం మెమరీలోకి వచ్చేది. అది తర్వాతి ఆదేశాలను లాగేది, అవి మిగతా ప్రోగ్రామును లాగేవి. ఇప్పటి బూట్ పద్ధతికి మూలం అప్పటికే ఉన్నదన్నమాట.

తర్వాత వచ్చిన చిన్న కంప్యూటర్లలో చాలావాటికి ముందు ప్యానెల్ మీద స్విచ్చుల వరుస ఉండేది. స్విచ్చు ఒక దిక్కు వేస్తే 1, ఇంకో దిక్కు వేస్తే 0. ఆపరేటర్ కాగితం మీద రాసుకున్నది చూసుకుంటూ ఒక్కొక్క ఆదేశాన్నీ స్విచ్చులతో పెట్టి మెమరీలో దింపేవాడు. ఆ కొన్ని ఆదేశాలకు ఒకటే పని, పేపర్ టేపును చదవడం. టేపు చదివినంక అసలు ప్రోగ్రాం మొదలయ్యేది. కరెంటు పోయిందంటే మళ్లీ మొదటినుంచి స్విచ్చులు వేయాలె.

ఈ ముచ్చటలో అందరికీ తెలిసిన మనుషులే ఉన్నారు. 1975లో ఆల్టెయిర్ 8800 అని ఇంట్లో బిగించుకునే కంప్యూటర్ అమెరికాలో వచ్చింది. దానికి బేసిక్ భాష రాస్తామని బిల్ గేట్స్, పాల్ అలెన్ ఒప్పుకున్నారు. వాళ్ల చేతిలో ఆల్టెయిర్ లేదు. యూనివర్సిటీలోని వేరే పెద్ద కంప్యూటర్ మీదే దాన్ని నడిపించి చూసుకుని రాశారు. చూపించడానికి పాల్ అలెన్ విమానం ఎక్కి ఆల్బుకర్కీ పోయాడు. విమానం దిగబోతుంటే అతనికి గుర్తొచ్చింది. బేసిక్ అయితే టేపులో ఉంది, ఆ టేపును మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం మాత్రం రాయలేదు. విమానంలో కూర్చునే కాగితం మీద రాశాడు. పోయినంక ఆ ఆదేశాలను స్విచ్చులతో వేసి, టేపు పెట్టాడు. పనిచేసింది. రెండూ రెండూ కలపమంటే నాలుగు అని చూపించింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ మొదలైంది ఆ బేసిక్‌తోనే. ఆ చిన్న ప్రోగ్రాం లేకపోతే ఆ రోజు ఆ టేపు ఉత్త కాగితమే.

ఈ కాలంలో మొదటి అడుగు పూర్తిగా మనిషి చేతిలో ఉండె. కష్టం ఎక్కువ, కానీ మెషిన్ ముందు కూర్చున్నవాడు ఏది వేస్తే అదే నడిచేది.

ఫ్లాపీ పుట్టిందే దీనికోసం

మనలో నలభై దాటినోళ్లు ఫ్లాపీ చూసే ఉంటరు. ఫైళ్లు దాచుకోవడానికే పుట్టిందని అనుకుంటం. కానీ ఐబీఎం ఇంజినీర్లు దాన్ని తయారు చేసిన కారణం వేరే. సిస్టం 370 అనే పెద్ద కంప్యూటర్లు ఆన్ కావాలంటే వాటిలోకి మైక్రోకోడ్ అనే లోపలి ప్రోగ్రాం ఎక్కించాలె. అది మారినప్పుడల్లా కస్టమర్లకు పంపాలె. టేపు డ్రైవు ఖర్చు ఎక్కువ. తక్కువ ధరలో, పోస్టులో పంపేటట్టు ఏదన్నా కావాలని చూశారు. డేవిడ్ నోబుల్ అనే ఇంజినీరు టీము 8 అంగుళాల మెత్తటి డిస్కు తయారు చేసింది. 1971లో బయటికి వచ్చింది. దాంట్లో పట్టేది 80 కిలోబైట్ల దరిదాపుల్లో. కస్టమర్ దాన్ని చదవాల్సిందే, రాయడానికి లేదు. అంటే లోకంలో మొదటి ఫ్లాపీ మెషిన్‌ను లేపే డిస్కే. ఫైళ్లు దాచే పని తర్వాత వచ్చింది.

అదే కాలంలో ఇంకో మార్పు జరిగింది. స్విచ్చులు వేసే ఆ చిన్న ప్రోగ్రామును రోమ్ చిప్పులో శాశ్వతంగా పెట్టడం మొదలైంది. కరెంటు పోయినా రోమ్‌లో ఉన్నది పోదు. గ్యారీ కిల్డాల్ అనే అతను సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టం రాశాడు. దాంట్లో మెషిన్‌కు దగ్గరగా ఉండే భాగానికి బయోస్ అని పేరు పెట్టింది అతనే. ఇప్పటికీ షాపుల్లో "బయోస్‌లోకి పో" అంటరు గదా, ఆ మాట అక్కడిదే.

512 బైట్ల కథ

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. మనం వాడే కంప్యూటర్లకు తాత అదే. దాని బయోస్ చేసే పని సాదాసీదాగా ఉండేది. ఆన్ కాగానే మెమరీ, కీబోర్డు చూసుకుంటది. తర్వాత ఫ్లాపీ డ్రైవులో మొదటి గడి చదువుతది. ఆ గడి సైజు 512 బైట్లు. దాన్ని మెమరీలో వేసి "ఇక నీ ఇష్టం" అని పక్కకు జరుగుతది. ఆ 512 బైట్లలోని ప్రోగ్రాం డిస్కులో మిగతాదాన్ని లాగుతది. ఫ్లాపీ పెట్టకపోతే రోమ్‌లో ఉన్న బేసిక్ భాష తెర మీదికి వచ్చేది.

ఇక్కడే మనోళ్లకు ఎప్పుడూ వచ్చే సందేహానికి జవాబు ఉంది. విండోస్ ఫైలు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే ఎందుకు లేవదు? బయోస్‌కు ఫైళ్లు, ఫోల్డర్లు తెలియవు. దానికి తెలిసింది మొదటి గడి ఒక్కటే. మామూలు కాపీ ఆ గడిని ముట్టుకోదు. ఇంటికి సామాను అంతా తెచ్చి లోపల పెట్టి, తలుపు మాత్రం పెట్టకపోయినట్టు.

డాస్ కాలంలో ఆ తలుపు పెట్టే పద్ధతి చాలా సులువు. ఫార్మాట్ అని కొట్టి, డ్రైవు పేరు రాసి, చివర ఒక గీత, ఎస్ అక్షరం పెడితే చాలు. ఫ్లాపీ తుడిచి, మొదటి గడి రాసి, ఐఓ డాట్ సిస్, ఎంఎస్‌డాస్ డాట్ సిస్, కమాండ్ డాట్ కామ్ అనే మూడు ఫైళ్లు దాంట్లో వేసేది. అదే బూట్ ఫ్లాపీ. మా దిక్కు కరీంనగర్, జగిత్యాల కంప్యూటర్ సెంటర్లలో కూడా సార్ దగ్గర అట్లాంటి ఫ్లాపీ ఒకటి ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేటోళ్లు కాదు. కంప్యూటర్ పడిపోతే లేపేది అదే కాబట్టి.

తలుపు దగ్గరే దొంగ

మొదటి గడి చదివి దాని మాట గుడ్డిగా వినే అలవాటు ఉంటే, ఆ గడిలో దొంగ కూర్చుంటే ఏంది సంగతి? 1986లో అదే జరిగింది. పాకిస్తాన్‌లోని లాహోర్‌లో కంప్యూటర్ షాపు నడిపే ఇద్దరు అన్నదమ్ములు బ్రెయిన్ అనే ప్రోగ్రాం రాశారు. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీలు చేసేటోళ్లను పట్టుకోవడానికే రాశామని వాళ్లు చెప్పారు. అది ఫ్లాపీ మొదటి గడిలో తాను కూర్చుని, అసలు గడిని వేరే చోటికి జరిపేది. ఆ ఫ్లాపీతో మెషిన్ లేస్తే మెమరీలో చేరి, తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీకీ అంటుకునేది. దాంట్లో వాళ్ల పేర్లు, షాపు ఫోన్ నంబరు కూడా ఉండేవి. పీసీలలో వ్యాపించిన మొదటి వైరస్ అని దాన్నే చెప్తరు. అది లాహోర్ దాటి దేశదేశాలకు పోయింది. ఇంటర్నెట్ లేకుండా, చేతి నుంచి చేతికి ఫ్లాపీలతోనే.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత తలుపుకు కాపలా పెట్టినప్పుడు కంపెనీలు చూపించిన కారణం ఇట్లాంటి దొంగలే.

సీడీ వచ్చింది

ఆపరేటింగ్ సిస్టంలు లావైనయ్. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 ఫ్లాపీల మీద తీసుకుంటే 13 ఫ్లాపీలు. పన్నెండు బాగుండి పదమూడోది చెడిపోతే మొత్తం పని పాయె. సీడీ మీద కూడా ఇచ్చారు. కానీ షాపులో అమ్మిన ఆ సీడీతో మెషిన్ నేరుగా లేచేది కాదు. ముందు బూట్ ఫ్లాపీతో లేపి, తర్వాత సీడీ చదివించాలె. బయోస్‌కు ఫ్లాపీ తెలుసు, హార్డ్ డిస్కు తెలుసు, సీడీ తెలియదు.

దీనికి ఫీనిక్స్, ఐబీఎం కంపెనీల ఇంజినీర్లు 1995లోనే ఒక ఉపాయం రాశారు. సీడీలో ఒక చోట ఫ్లాపీ బొమ్మను పెట్టాలె. బయోస్ దాన్ని చూసి అసలు ఫ్లాపీ పెట్టినట్టే అనుకుని లేస్తది. ఈ పద్ధతి పేరు ఎల్ టొరిటో. అది కాలిఫోర్నియాలో ఒక మెక్సికన్ హోటల్ పేరు. ఆ ఇంజినీర్లు అక్కడ తింటూ మాట్లాడుకున్నారు కాబట్టి ఆ పేరు పెట్టారని చెప్తరు. ఆ తర్వాత 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి సీడీ పెట్టి ఏదన్నా మీట నొక్కితే చాలు, మెషిన్ సీడీతో లేచేది. నల్ల తెర మీద వచ్చే ఆ ఒక్క లైను మనలో చాలామందికి ఇంకా కండ్ల ముందు ఉంటది.

లినక్స్ వాళ్లు ఇక్కడ వేరే దారి చూపించారు. 1991లో ఫిన్లాండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో అది రెండు ఫ్లాపీల మీద నడిచేది. ఒకటి బూట్‌కు, ఇంకోటి మిగతా ఫైళ్లకు. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ నాపిక్స్ అని ఒక సీడీ తెచ్చాడు. 700 ఎంబీ సీడీలో దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి పెట్టాడు. దాని గొప్పతనం ఏందంటే, ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. సీడీ పెట్టు, మెషిన్ లేస్తది, పని చేసుకో, సీడీ తీసెయ్. హార్డ్ డిస్కును ముట్టుకోదు. దీన్నే లైవ్ సీడీ అంటరు. డిస్కులో ఉన్న విండోస్ చచ్చిపోయినా ఫైళ్లు బయటికి తీయొచ్చని మామూలు జనానికి తెలిసింది ఇట్లాంటి సీడీలతోనే.

2004 అక్టోబర్‌లో ఉబుంటు వచ్చింది. దాని వెనక ఉన్నది దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్. ఇంటర్నెట్ సరిగా లేని దేశాల వాళ్ల కోసం అడిగినోళ్లకల్లా సీడీలు ఫ్రీగా పోస్టులో పంపేవారు. పోస్టేజీ కూడా లేదు. 2011 దాకా నడిచింది. మన ఊర్ల ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు ఆ కవర్లు తెలుసు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే మెనూలు కనిపించే లినక్స్ తయారు చేశారు. పేరు కూడా దానికి తగ్గట్టే ఉంది.

పెన్‌డ్రైవ్ చేతికి వచ్చింది

పెన్‌డ్రైవ్‌కు రెండు వేర్లు. ఒకటి ఫ్లాష్ మెమరీ. 1980లలో జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజినీరు ఫుజియో మసువోకా కనిపెట్టాడు. రెండోది యూఎస్‌బీ. 1996లో వచ్చింది. ఇంటెల్‌లో ఆ పని ముందుండి నడిపినవాళ్లలో గుజరాత్ వడోదరలో చదువుకున్న అజయ్ భట్ ఒకరు. ఈ రెండూ కలిపి 2000లో పెన్‌డ్రైవ్‌లు బజారుకు వచ్చినయ్. సింగపూర్ కంపెనీ ట్రెక్ థంబ్‌డ్రైవ్ అని, ఇజ్రాయెల్ కంపెనీ ఎం సిస్టమ్స్ డిస్క్ ఆన్ కీ అని అమ్మినయ్. డిస్క్ ఆన్ కీ మొదటిది 8 ఎంబీ. ఇప్పుడు ఫోన్‌లో తీసే రెండు మూడు ఫొటోలకు సరిపోతది. అప్పట్లో అది ఐదు ఫ్లాపీల కంటే ఎక్కువ.

కానీ పెన్‌డ్రైవ్‌తో వెంటనే బూట్ చేయడం కుదరలేదు. మళ్లీ అదే పాత చిక్కు. బయోస్‌కు అది తెలియాలె. కొన్ని మెషిన్లు పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీ అనుకునేవి, కొన్ని జిప్ డ్రైవ్ అనుకునేవి, కొన్ని హార్డ్ డిస్కు అనుకునేవి. ఒక మెషిన్‌లో లేచిన పెన్‌డ్రైవ్ ఇంకోదాంట్లో లేవకపోయేది. 2007లో ఆసుస్ ఈఈఈ పీసీ లాంటి చిన్న లాప్‌టాప్‌లు సీడీ డ్రైవ్ లేకుండానే వచ్చినయ్. ఇక పెన్‌డ్రైవ్ తప్ప సులువైన దారి లేకుండా పోయింది. దాంతో పద్ధతులు కుదురుకున్నయ్.

2009లో మైక్రోసాఫ్ట్ విండోస్ 7ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించే చిన్న టూల్ ఇచ్చింది. కొద్ది రోజులకే ఒక సంగతి బయటపడింది. దాంట్లో జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం కోడ్ వాడారు, ఆ లైసెన్సు షరతు మాత్రం పాటించలేదు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని, టూల్‌ను వెనక్కి తీసి, తర్వాత మొత్తం కోడ్ అందరికీ చూపిస్తూ అదే లైసెన్సుతో మళ్లీ ఇచ్చింది. ఫ్రీగా పంచుకున్న పనికి కూడా ఒక మర్యాద ఉంటదని అంత పెద్ద కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది.

2011లో పీట్ బటార్డ్ రూఫస్ అనే టూల్ రాశాడు. ఒకటే చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. ఇప్పటికీ షాపుల్లో ఎక్కువగా నడిచేది అదే. 2020లో వెంటాయ్ అని ఇంకోటి వచ్చింది. దానితో పెన్‌డ్రైవ్‌ను ఒక్కసారి తయారు చేసుకుంటే చాలు. తర్వాత ఐఎస్ఓ ఫైళ్లు మామూలుగా కాపీ చేసుకోవచ్చు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో లిస్టు చూపిస్తది. పైన చెప్పుకున్న తలుపును అది ముందే పెట్టి ఉంచుతది కాబట్టి, మామూలు కాపీ ఇక్కడ పనిచేస్తది.

గేటు దగ్గర పాస్ చెకింగ్

512 బైట్ల పద్ధతి పాతబడింది. ఇంటెల్ మొదలుపెట్టిన కొత్త పద్ధతిని 2005లో కంపెనీలన్నీ కలిసి యూఈఎఫ్ఐ పేరుతో ముందుకు తెచ్చినయ్. ఇది మొదటి గడి కోసం చూడదు. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ, దాంట్లో బూట్ అనే ఫోల్డర్, దాంట్లో ఒక ఫైలు కోసం చూస్తది. దీనికి ఫైళ్లు, ఫోల్డర్లు చదవడం వచ్చు. కానీ తప్పకుండా చదివేది ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్నవాటినే. ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటొద్దు. విండోస్‌లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైలు ఆ హద్దు దాటుతది. కాపీ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోయేది చాలాసార్లు ఇందుకే. రూఫస్ లాంటివి దీనికి దారి చేసి పెడతయ్.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వచ్చింది. మన సైటు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు లెక్క. స్టాంపు ఉన్న పాస్ చూపిస్తేనే లోపలికి. మొదటి ప్రోగ్రాం మీద ఒప్పుకున్న తాళంచెవితో వేసిన సంతకం ఉండాలె, లేకపోతే మెషిన్ దాన్ని నడపదు. బ్రెయిన్ లాంటి దొంగలకు ఇది అడ్డమే. ఆ మాట నిజం. కానీ దాదాపు అన్ని మెషిన్లలో వచ్చే తాళంచెవి మైక్రోసాఫ్ట్‌ది. అప్పుడు లినక్స్ వాళ్లు గట్టిగా అడిగారు: మేము పైసలు పెట్టి కొన్న మెషిన్‌లో ఏం నడవాలో వేరే కంపెనీ చెప్పడం ఏంది?

చివరికి రెండు దారులు మిగిలినయ్. మామూలు పీసీలలో దీన్ని ఆఫ్ చేసుకునే వీలు ఉండాలని విండోస్ 8 నాడు రూలు పెట్టారు. మాథ్యూ గ్యారెట్ అనే అతను షిమ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటది, అది లినక్స్‌ను లేపుతది. అదే ఏడు ఏఆర్ఎం చిప్పులతో వచ్చిన విండోస్ ఆర్టీ ట్యాబ్లెట్లలో మాత్రం ఆఫ్ చేసే వీలు లేదు. విండోస్ 10 వచ్చేసరికి ఆ ఆఫ్ బటన్ ఇవ్వాలా వద్దా అన్నది తయారు చేసే కంపెనీ ఇష్టానికి వదిలేశారు. స్విచ్చుల నాడు మనిషి చేతిలో ఉన్న అడుగు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

మనకు దీనితో పనేంది

విండోస్ 11 2021 అక్టోబర్‌లో వచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, లిస్టులో ఉన్న కొత్త ప్రాసెసర్ కావాలె. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైన. మన చేతుల్లో ఉన్న సెకండ్ హ్యాండ్‌వి చాలావరకు దానికంటే పాతవి. స్క్రీన్ బాగుంటది, కీబోర్డు బాగుంటది, పిల్లల చదువుకు కావల్సిన పని చేస్తది. పనికిరానిదని చెప్పేది మెషిన్ కాదు, రూలు. విండోస్ 10 వాడేటోళ్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించారు. ఆ తర్వాతైనా ఒక నిర్ణయం చేయాల్సిందే.

ఇంకోటి, పైసల కంటే పెద్దది. మా క్యాంపులో ఒక తమ్ముని లాప్‌టాప్ లేవకపోతే దగ్గర్లో ఒక షాపులో ఇచ్చాడు. వాళ్లు అడగకుండానే ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. బిడ్డ పుట్టినప్పటినుంచి ఇంటోళ్లు పంపిన ఫొటోలు మొత్తం దాంట్లోనే ఉండె. బిడ్డ పుట్టినప్పుడు అతను ఇక్కడ ఉన్నాడు, అక్కడ లేడు. అతను చూసిన బాల్యమంతా ఆ ఫొటోలే. ఒక లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి లేపి ఉంటే, డిస్కు బాగున్నంత వరకు ఆ ఫోల్డర్ కాపీ చేసుకోవడం అరగంట పని.

అందుకే ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకోండి. 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకోండి, దాంట్లో ఉన్నది మొత్తం పోతది కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. ఐఎస్ఓ ఫైలు అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోండి, ఎవరో పంపిన లింకు నుంచి వద్దు. బ్రెయిన్ కథ ఎందుకు చెప్పామో ఇక్కడ తెలుస్తది. రూఫస్ గానీ వెంటాయ్ గానీ వాడండి. ఆన్ చేస్తూ డెల్, లెనోవో అయితే ఎఫ్ 12, హెచ్‌పీ అయితే ఎఫ్ 9 నొక్కితే చాలా మోడళ్లలో బూట్ మెనూ వస్తది.

ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి అయితే ముందు ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. వైఫై వస్తుందా, సౌండు వస్తుందా, పిల్లల క్లాసు వీడియో నడుస్తుందా చూడండి. మింట్‌కు 4 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతది. పాత ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకున్నంకనే ఇన్‌స్టాల్ వైపు పోండి. డిస్కు మొత్తం తుడిచేయమంటావా అని అడిగితే, ఫైళ్లు బయటికి వచ్చినయని పక్కా అయినంకనే ఒప్పుకోండి. కొన్ని మెషిన్లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటది. దాని రికవరీ కీ లేకపోతే ఏ పెన్‌డ్రైవ్‌తోనూ ఫైళ్లు రావు. ఆ కీ ఇప్పుడే, మెషిన్ బాగున్నప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

చేతిలో ఉన్న ఫోన్ చూడండి. చాలా కంపెనీల ఫోన్లకు బూట్‌లోడర్ తాళం వేసే ఇస్తరు. కొన్నింటికి ఆ తాళం తీసే దారే లేదు. అప్‌డేట్లు ఆపేసిన రోజు మనం చేయగలిగింది తక్కువ. లాప్‌టాప్‌లో మాత్రం ఇప్పటికీ ఒక చిన్న పెన్‌డ్రైవ్‌తో మొదటి అడుగు మనమే వేయించొచ్చు. ఆ వీలు ఉన్నన్నాళ్లు వాడుకుందాం. రూముకు ఒక్కరు నేర్చుకున్నా చాలు, మిగతావాళ్ల మెషిన్లు కూడా లేస్తయ్. ఈ వారం ఎవరిదన్నా లాప్‌టాప్ షాపుకు పోతుంటే, ముందు ఒకసారి ఆపి అడగండి: "దాంట్లో ఫొటోలు ఉన్నయా అన్నా?"